అరిగిపోతాయని దాచిన మిషన్లు

సైబర్ టవర్స్ తెరిచిన ఏడాది, మాదాపూర్‌లో ఒక సర్కారు బడికి నాలుగు కుట్టుమిషన్లు వచ్చాయి. కుట్టు నేర్చిన పిల్లలను సర్కారు ఖర్చుతో బట్టల కంపెనీలో శిక్షణకు పంపుతామన్నారు. తనిఖీ నాటికి కొత్తగా మెరవాలని భ్రమరాంబ టీచరు వాటిని పిల్లల్ని ముట్టనివ్వలేదు.

తనిఖీకొచ్చిన ఆఫీసరు పదో తరగతి స్వరూపను కుట్టి చూపించమన్నాడు. ఆ పిల్లకు సూదిలో దారమెక్కించడమే రాలేదు.

"వీళ్లను బట్టల కంపెనీలో శిక్షణకు పంపడానికి సర్కారు డబ్బెందుకండీ?" అంటూ శిక్షణ డబ్బు మంజూరును కొట్టేశాడు.

మర్నాడు, ఇటుకలు మోసే స్వరూప తల్లి రాజమ్మ వచ్చింది.

"టీచరమ్మా, పిల్ల కంపెనీకి ఎప్పుడు పోతది? దాన్ని గూడ పనికి తోలుకరమ్మని మేస్త్రి పరేషాన్ చేస్తుండు."

"పంపడం లేదు రాజమ్మా. తప్పు నాదే. ఇవాళ్టి నుంచి నేనే నేర్పిస్తాను."

"నువ్వు నేర్పితే కంపెనీల పని ఇస్తరా?"

భ్రమరాంబ లేచి ఒక మిషను మూత తెరిచింది.

"సోమారం సంది నా ఎంబడే తోల్కపోత" అని రాజమ్మ వెళ్లిపోయింది.