ఎనిమిది రోజుల గడియారం

గడియారానికి కీ ఇచ్చే బొడిపె పోయింది ఒక శనివారం మధ్యాహ్నం. ఒంటిపూట బడి ముగించుకుని వచ్చి, వసారా గోడకున్న గడియారాన్ని దించి కీ ఇవ్వబోయాను. కొన్నాళ్లుగా వదులుగా ఉన్న బొడిపె ఊడి, నా వేళ్లలోంచి జారి, అరుగు మీద రెండు గంతులు వేసి రాళ్ల సందులో పడింది. అమ్మ చీపురుపుల్లతో, నేను రూళ్లకర్రతో సాయంత్రందాకా వెతికాం. తేలు దొరికింది గాని బొడిపె దొరకలేదు.

"బళ్లో అంతమంది పిల్లకాయల చెవులు పట్టుకుంటావు. ఇంత ముక్కను పట్టుకోలేకపొయినావా పెద్దోడా?" అంది అమ్మ.

ఆ గడియారం మా తమ్ముడు రామనారాయణది. యుద్ధకాలంలో వాడు విమానాల దగ్గర మెకానిక్కు. యుద్ధం అయిపోయాక, తుక్కు కింద విప్పేస్తున్న ఒక విమానంలోంచి పైలెట్ ఎదురుగా ఉండే గడియారాన్ని అడిగి తెచ్చుకున్నాడు. కొబ్బరిచిప్పంత ఉంటుంది. నల్లటి ముఖం, చీకట్లో పచ్చగా కనిపించే అంకెలు. ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడుస్తుంది. వాడు మాత్రం ఏడో రోజుకే ఇచ్చేవాడు. శనివారం అమ్మ చేత తలంటు పోయించుకుని, తల ఆరబెట్టుకుంటూ ఇచ్చేవాడు.

పోయిన సంవత్సరం, 1951లో, కామెర్లతో పోయాడు. అప్పటినుంచి కీ ఇచ్చే పని నాది. మా వీధిలో సగం మంది ఆ గడియారం చూసే ఆత్మకూరు బస్సుకు బయల్దేరేవాళ్లు. ఈ మధ్య రెండు నెలలుగా అది వెనకబడుతోంది. బస్సు తప్పిపోయిన ఇద్దరు నన్ను నిలబెట్టి అడిగారు కూడా.

చెక్క గరిటెలు చేసే శీనయ్య దగ్గరకు వెళ్లి, బొడిపె కొలతలు చెప్పాను.

"విమానానికి గరిటె కావాలన్నా చేస్తా అయ్యవారూ. అది ఎగరకపోతే మాత్రం నన్నడగబాకండి" అన్నాడు.

రెండు రోజుల్లో చేసి ఇచ్చాడు. బొడిపె మీద పువ్వు కూడా చెక్కి ఉంది. పువ్వెందుకు అన్నాను.

"పువ్వు పడందే నా చెయ్యి ఆగదు."

బొడిపె సరిగ్గా కూర్చుంది. కీ కూడా తిరిగింది. గడియారం నాలుగుసార్లు టిక్కుమని ఆగిపోయింది.

శుక్రవారం బడికి సెలవు పెట్టి, గడియారాన్ని తువ్వాలలో చుట్టుకుని ఆత్మకూరు వెళ్లాను. అక్కడ బజారులో ప్రేమానందం గడియారాలు బాగుచేస్తాడు. పువ్వున్న బొడిపె చూసి కాసేపు నవ్వాడు. తర్వాత వెనక మూత విప్పి, కంటికి భూతద్దం పెట్టుకుని, వెంటనే తీసేసి గడియారాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"అయ్యవారూ, ఇది గడియారమా, ప్రమిదా? ఒత్తి వేస్తే వారం రోజులు వెలుగుతాది."

"ఏమైంది?"

"ఆముదం! చక్రాలన్నీ బంకలో మునిగుండాయి. ఎద్దులబండి ఇరుసనుకున్నారా ఏంది? మీరే గదా సైన్సు చెప్పేది?"

"నేను చెప్పేది తెలుగు" అన్నాను.

"అదీ సంగతి" అన్నాడు.

ఆముదం ఎవరు పోశారో ఆలోచించాల్సిన పని లేకపోయింది. ఏడాదిగా ప్రతి శనివారం పొద్దున్నే మా వంటింట్లో నిప్పుల మీద చిన్న గిన్నెలో ఆముదం వేడెక్కుతోంది. నాకు తలంటు ఆదివారం. అమ్మకు శుక్రవారం. శనివారం పోసుకునేవాడు ఇంట్లో లేడు. వాసన నాకు తెలుస్తూనే ఉంది. ఎవరికోసమని ఒక్కనాడూ అడగలేదు.

"ఈ తిప్పలు దేనికి? లోపలిదంతా తీసేసి కొత్త టైంపీసు మిషను బిగిస్తా. బయట విమానం, లోపల టైంపీసు. పదేళ్లు చూడపన్లేదు" అన్నాడు ప్రేమానందం.

"వద్దు. ఇదే నడవాలి."

"అంత మోజేంది దీని మీద?"

"మా తమ్ముడిది. పోయినాడు."

ప్రేమానందం మళ్లీ భూతద్దం పెట్టుకుని, చక్రాలన్నీ విప్పి, సాయంత్రందాకా పెట్రోలులో కడిగాడు. మళ్లీ బిగించి, సూదిమొనతో ఎక్కడెక్కడో నూనె తాకించాడు. గడియారం నడిచింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను.

"ఒక చక్రం ఇరుసు మొన అరిగిపొయ్యుండాది" అన్నాడు. "నేను పెట్టిన నూనె రెండేళ్లకు చాలు. ఇంకొక చుక్క ఆముదం పడిందంటే ఆ మొన విరుగుతాది. విరిగితే దీనికి సామాను ఈ దేశంలో దొరకదు. నా దగ్గరికి తేబాకండి. మీ ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పండి."

చెప్తానన్నాను. బస్సులో మా ఊరు ఉదయగిరి చేరేదాకా ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను.

గడియారం గోడకు తగిలించగానే అమ్మ దగ్గరకొచ్చి చెవి పెట్టింది.

"గొంతెండిపొయినట్టు ఉండాదేందిరా?"

"అమ్మా, దీంట్లో ఆముదం పోస్తున్నావా?"

"పొయ్యకపోతే ఎట్టా? ఆ తిరుగుడుకు వేడెక్కదా? వాడు వసారాలో కూర్చుని దీనికి కీ ఇస్తా ఉంటే, 'దానికీ ఒక చుక్క పొయ్యి, నాకంటే అదే ఎక్కువ తిరిగింది' అనేవాడు. అప్పుడు నవ్వి ఊరుకున్నా. ఇప్పుడు పోస్తున్నా. శనివారం పొద్దున నాకు ఇంకేం పనుండాది చెప్పు?"

గోడ మీద వంకరగా ఉన్న గడియారాన్ని సరిచేశాను.

"అమ్మా" అన్నాను.

"ఏందిరా?"

"ఆకలిగా ఉంది."

"ఆ మాట ముందే చెప్పరాదా? ఆత్మకూరులో ఒక్క దోసెన్నా పెట్టలేదా నీకు ఆ గడియారాలాయన?" అంటూ లోపలికి వెళ్లింది. కంచం పెట్టింది. నేను తింటుండగా రేపటికోసం గిన్నె తోమి, ఆముదం సీసా అలమరలోంచి తీసి పొయ్యిగట్టు మీద పెట్టుకుంది.

గడియారం ఇప్పటికైతే బాగానే నడుస్తోంది. ప్రేమానందం చెప్పమన్న మాట అమ్మకు నేనింకా చెప్పలేదు.