డెల్టిక్‌కు దండ

ఇంగ్లండు నుంచి అచ్చియమ్మ తిరిగొచ్చిన రోజున ఆమె తమ్ముడు గోవిందరావు బిలాస్‌పూర్ స్టేషనుకు ఏడవడానికి సిద్ధపడే వచ్చాడు. బావ పోలయ్య పోయి ఏడాది దాటింది. అయినా అక్క కనబడగానే ఏడవకపోతే బాగుండదని ఉతికిన రుమాలు జేబులో పెట్టుకున్నాడు. తీరా రైలు ఆగాక అచ్చియమ్మ తమ్ముడి వైపైనా చూడకుండా, పరుగులాంటి నడకతో సామాన్లుండే బ్రేకువ్యాను దగ్గరికెళ్లి కూలీ మీద కేకలేసింది.

"ఒరే బాబూ, ఆ పెట్టి తిరగెయ్యకురా! సీదా... సీదా పకడో!"

చేతిలోని రుమాలుతో గోవిందరావు మొహం తుడుచుకుని వెనకే వెళ్లాడు. ఆ చెక్కపెట్టెకే ఒక రిక్షా పట్టింది, అక్కాతమ్ముళ్లు ఇంకో రిక్షా ఎక్కారు. రైల్వే కాలనీ క్వార్టరు చేరేదాకా అచ్చియమ్మ కళ్లు ముందు రిక్షా మీదే ఉన్నాయి.

సాయంత్రం పెట్టె తెరిచారు. లోపల ఉన్ని మేజోళ్లలో చుట్టిన చిన్న చిన్న రైలింజన్లు, పెట్టెలు, వేలెడు వెడల్పు పట్టాలు, ఒక నల్లటి కంట్రోలరు. గోవిందరావు కరెంటు ఇంజన్ల మీద గూడ్సు డ్రైవరు. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. నిజం బళ్లతోనే తల బొప్పి కట్టిన మనిషి, అరచేతిలో పట్టే ఇంజనును చూసి నోరు తెరిచాడు.

"బావకి బళ్లంటే ఇంత పిచ్చని నాకు తెల్దప్పా!"

"అవి నావిరా," అంది అచ్చియమ్మ.

"నీవి కాకపోతే ఎవులివి? బావవన్నీ నీవే కదేటి!" అంటూ ఇన్నాళ్లూ ఆపుకున్న ఏడుపంతా ఒక్కసారి వదిలేశాడు గోవిందరావు. వంటింట్లోంచి అతని భార్య బుజ్జమ్మ వచ్చి, ఎందుకో తెలుసుకోకుండానే కొంగు కళ్లకద్దుకుంది. పక్క క్వార్టరు వాళ్లూ వచ్చారు. ఇంతమంది కష్టపడి ఏడుస్తుంటే మధ్యలో ఆపి నిజం చెప్పడం అచ్చియమ్మకు మర్యాదగా తోచలేదు. రేపు చెబుదాంలే అనుకుంది.

ఆ నిజం ఏమిటంటే, పోలయ్యకు రైలంటే పడదు.

పెళ్లయిన కొత్తలో ఆయన బిలాస్‌పూర్ లోకోషెడ్డులో ఫిట్టరు. గోళ్లలో మసి పోక, చెవుల్లో హోరు పోక, అరవయ్యో దశకం మొదట్లో ఒక స్నేహితుడు పిలిచాడని లీడ్స్ వెళ్లి ఉన్ని మిల్లులో రాత్రి షిఫ్టుకు కుదురుకున్నాడు. మళ్లీ రైలెక్కాల్సిన పని పడితే బస్సెక్కేవాడు. బస్సు లేకపోతే ప్రయాణమే మానేసేవాడు.

అచ్చియమ్మ మాత్రం అక్కడికెళ్లాక ఇంట్లో తోచక, స్టేషనుకు అవతల రైలు పెట్టెలు కడిగే డిపోలో పనికి చేరింది. చేరిన కొద్ది రోజులకే, మంచు కురుస్తున్న ఒక పొద్దున, లండన్ పోయే బండికి తగిలించిన డెల్టిక్ అనే డీజిలు ఇంజను, ఆమె ప్లాట్‌ఫారం మీదుండగా ముందుకొచ్చి ఆగింది. పొడుగాటి ముక్కు, ఆకుపచ్చ ఒళ్లు. మళ్లీ స్టార్టు చేసేసరికి నీలంపొగ లేచి ప్లాట్‌ఫారం సగం కనబడకుండా పోయింది. ఆ పొగలోంచి, లోపలున్న రెండు ఇంజన్లూ శ్రుతి కలిపి ఒకే రాగం అందుకున్నట్టు ఒక హోరు. అచ్చియమ్మ చేతిలో బకెట్టు జారి కాళ్ల మీద పడింది, నీళ్లు చన్నీళ్లని కూడా తెలియలేదు. ఆ ఇంజన్లలో కొన్నింటికి పందెం గుర్రాల పేర్లు పెట్టారని ఆర్థర్ అనే ముసలి డ్రైవరు చెప్పినప్పుడు, "మరి, పెట్టరేటి!" అనుకుంది.

తరవాత సంతలో పాత బొమ్మ డెల్టిక్ ఒకటి కనబడితే కొనుక్కుంది. దానికి పట్టాలు, పట్టాలకు స్టేషను, స్టేషనుకు ఇంకో ఇంజను... అలా ఇంటి అటక నిండిపోయింది. పగలు కింద గదిలో పడుకునే పోలయ్య చీపురు కర్రతో పైకప్పు మీద తట్టేవాడు. "అచ్చీ! సిగ్నలు పళ్లేదే! బండి ఆపు!" అని అరిచేవాడు. ఆమె ఆపేది. ఆయన గురక అందుకోగానే మళ్లీ తోలేది. ఎనభై రెండులో అసలు డెల్టిక్‌లను తీసేసిన రోజున, జనం మధ్య ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆమె వెక్కివెక్కి ఏడిస్తే, ఇంటికొచ్చాక పోలయ్య వేడి టీ చేతికిచ్చి, "మా అయ్య పోయినప్పుడు ఇందులో సగం కూడా ఏడవలేదే నువ్వు," అన్నాడు.

ఇదంతా రేపు చెబుదామనుకుంది కదా, ఆ రేపటికే ఆలస్యమైపోయింది. పొద్దున లేచేసరికి గోవిందరావు హాల్లో అద్దాల బీరువా ఖాళీ చేసి, ఇంజన్లన్నీ వరసగా పేర్చి, పైన బావ ఫోటో పెట్టి, ఫోటోకొక దండ, డెల్టిక్‌కొక దండ వేసేశాడు. పక్కన అగరొత్తులు.

"బావ ఆత్మ ఇందులోనే ఉంటాది," అన్నాడు గర్వంగా.

ఉంటే ఆయన ఎంత తిట్టుకుంటున్నాడో అనుకుంది అచ్చియమ్మ. పైకి మాత్రం, "అగరొత్తి కాస్త దూరంగా పెట్రా, బూడిద రాలతాది," అంది.

బూడిద రాలనే రాలింది. రోజూ డ్యూటీకి వెళ్లేముందు గోవిందరావు అగరొత్తులు వెలిగించడం, అతను గుమ్మం దాటగానే అచ్చియమ్మ మెత్తటి కుంచెతో ఇంజను చక్రాల సందుల్లోంచి బూడిద దులపడం. అది చూసి బుజ్జమ్మ ఇరుగుపొరుగుతో, "మా ఒదినంత పతివ్రత ఈ కాలనీలో లేదు. మొగుడి గుర్తుల్ని పసిబిడ్డకి నీళ్లోసినట్టు తుడుసుకుంటాది," అని చెప్పింది. ఆ మాట కాలనీ అంతా తిరిగి అచ్చియమ్మ దాకా వచ్చింది. ఇంక ఇప్పుడు, ఆయనకు రైళ్లంటే పడదని ఏ నోటితో చెబుతుంది? పైగా, ఈ వయసులో, మొగుడు పోయిన మనిషి బొమ్మ రైలు తోలుకుంటానంటే బుజ్జమ్మ ఏమనుకుంటుంది? అచ్చియమ్మ నోరు మూసుకుని కుంచె పట్టుకుంది.

ఏప్రిల్లో రైల్వే వారోత్సవాలొచ్చాయి. ఆంధ్ర సమితి కార్యదర్శి జగన్నాథం ఇంటికొచ్చి, బీరువా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయనకు సభ అంటే చాలు, కారణం తరవాతైనా దొరుకుతుంది.

"అచ్ఛా అమ్మా, ఇది నాలుగ్గోడల మధ్య ఉండాల్సింది కాదు. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ప్రదర్శన పెడదాం. పోలయ్య గారి స్మారక ప్రదర్శన!"

"నడిపిస్తారా బళ్లు?" అని అడిగింది అచ్చియమ్మ. అంతవరకూ నేల చూస్తున్న మనిషి తలెత్తింది.

"నానే నడిపిస్తానప్పా," అన్నాడు గోవిందరావు. "ఇరవై అయిదువేల వోల్టుల బండి తోలినోణ్ణి. ఇదెంత?"

ఇన్‌స్టిట్యూట్ హాల్లో టేబుల్ టెన్నిస్ బల్లల మీద పట్టాలు పరిచారు. ఇంగ్లీషు ప్లగ్గు ఇక్కడి సాకెట్లో దూరక గోవిందరావు దాన్ని కోసేసి ఇంకోటి బిగించాడు. అచ్చియమ్మకు తన వేలే కోసినట్టనిపించింది. తెలుగులో బ్యానరు కట్టారు, హిందీలో చదువుకునే పిల్లలు దాన్ని కూడబలుక్కుంటూ చదివి సగంలో వదిలేశారు. ముందు వరసలో అచ్చియమ్మను కుర్చీలో కూర్చోబెట్టి మెడలో శాలువా వేశారు. ఏప్రిల్ ఎండకు శాలువా కింద ఆమె ఉడికిపోతోంది. అంతకన్నా ఎక్కువగా ఉడికించిందేమిటంటే, డెల్టిక్ వెనకాల తమ్ముడు బొగ్గు పెట్టెలు తగిలించాడు. లండన్ ఎక్స్‌ప్రెస్‌లు లాగే ఇంజను! బిలాస్‌పూర్ వాడికి బొగ్గు లాగనిది ఇంజనే కాదు మరి.

జగన్నాథం మైకు అందుకున్నాడు. పోలయ్య ఇంగ్లండులో రైల్వేలో పనిచేశాడన్నాడు. కాసేపటికి డ్రైవరయ్యాడన్నాడు. జనం చప్పట్లు కొట్టేసరికి ఉత్సాహమొచ్చి, ఒక పండగనాడు రాణీగారి బండి కూడా నడిపాడన్నాడు. అచ్చియమ్మ శాలువా కొస నోట్లో కుక్కుకుంది. దుఃఖం ఆపుకుంటోందని పక్కనున్న బుజ్జమ్మ భుజం నిమిరింది.

"ఇప్పుడు ఆ మహానుభావుడి బండిని, ఆయన బావమరిది మన గోవిందరావు నడిపిస్తాడు!"

గోవిందరావు కంట్రోలరు బొత్తాన్ని ఒక్కసారిగా చివరిదాకా తిప్పేశాడు. డెల్టిక్ ఉలిక్కిపడి, మెడలో దండతో సహా దూసుకుపోయింది. తిన్నని దారి అయిపోయి వంపు వస్తోంది, బల్ల అంచు వస్తోంది.

"ఒరే గోవిందూ! వొంపులో అలగ తోల్తారేట్రా? నువ్వేం డ్రైవరువిరా!"

హాలంతా దద్దరిల్లింది. ఆ కేక వేసింది అచ్చియమ్మేనని అర్థమయ్యేలోపే ఆమె కుర్చీలోంచి లేవడం, శాలువా ఎటో పోవడం, కొంగు చాపి బల్ల అంచున నిలబడడం అయిపోయాయి. బొగ్గు పెట్టెలు చెల్లాచెదురయ్యాయి. డెల్టిక్ మాత్రం దండతో సహా తిన్నగా ఆమె కొంగులో పడింది.

అచ్చియమ్మ దండ తీసి బల్ల మీద పెట్టింది. ఇంజను తిరగేసి చక్రాలు చూసి, ఊదింది. పట్టాల మీద నిలబెట్టి, తమ్ముణ్ణి మోచేత్తో పక్కకు జరిపింది.

"బొగ్గు పెట్టెలు తియ్. ఆ పాసింజరు పెట్టెలు ఇలగియ్."

గోవిందరావు ఒక్కొక్కటే అందించాడు.

"ముందు ఊపిరి తీసుకోనియ్యాల," అంటూ ఆమె బొత్తాన్ని వెంట్రుకవాసి తిప్పింది. బండి కదిలిందో లేదో తెలియనట్టు కదిలింది. ఆ బొమ్మకు హోరు లేదు కనుక, అలవాటు కొద్దీ అచ్చియమ్మే గొంతులో సన్నగా హోరు మొదలుపెట్టింది. అటకలో ఒక్కతే ఉన్నప్పుడు ఎప్పుడూ అలాగే చేసేది. బండి వేగం పెరిగేకొద్దీ ఆమె గొంతు పెరిగింది. వంపు ముందు బండీ తగ్గింది, గొంతూ తగ్గింది. రెండు చుట్లయ్యాక స్టేషను ముందు తిన్నగా ఆపి, తలెత్తింది. హాలు హాలంతా తననే చూస్తోంది.

ఇంక దాచడానికేమీ మిగల్లేదు.

"జగన్నాథం గారూ, మీరు చెప్పిందంతా బావుంది బాబూ. కానీ మా ఆయన వింటే లేచి బస్సెక్కి ఎల్లిపోదురు. ఆయనకి రైలంటే గిట్టదు. ఈ బళ్లు నావి. అక్కడ రైలు పెట్టెలు కడిగిందాన్ని నాను."

ముందుగా నవ్విందెవరో తెలియదు కానీ, ఆ తరవాత ఆపడం ఎవరివల్లా కాలేదు. జగన్నాథం మైకు ముందు నిలబడి, రాణీగారి బండి సంగతి ఏం చేయాలో తోచక, తానూ నవ్వాడు. "మరోసారి నడపండమ్మా," అన్నారు వెనక వరసలోని ఆడవాళ్లు.

నవ్వనివాడు గోవిందరావొక్కడే. రెండు రోజులు అక్కతో బుజ్జమ్మ ద్వారానే మాట్లాడాడు. "మీ ఒదినకి టీ కావాలేమో అడుగు," అనేవాడు, ఒదిన ఎదురుగానే కూర్చునుండగా. మూడో రోజు ఉండబట్టలేకపోయాడు.

"ఎన్నాళ్లు అగరొత్తులెలిగించేనప్పా, ఆ ఇంజనుకి!"

"నీ పుణ్యమేరా. దాని ముక్కునిండా బూడిదే."

"ముందే చెప్పొచ్చు కదేటి?"

"చెప్పేను. నావిరా అన్నాను. నువ్వే ఏడిచీసేవు."

గోవిందరావు గుర్తు తెచ్చుకుని, ముసిముసిగా నవ్వి, వెంటనే మొహం ముడుచుకున్నాడు. "మరి బావకేటిష్టం? ఆ ఫోటో కింద ఏటుంచాల?"

అచ్చియమ్మ ఆలోచించింది. "ఉప్పుచేప ఇష్టం. శనివారం టీవీలో కుస్తీలిష్టం. అన్నిటికన్నా నిద్రంటే ఇష్టం. పాపం, నిద్దర్లోనే పోయేరు."

మర్నాడు పొద్దున ఆమె లేచేసరికి బీరువాలో ఇంజన్లు లేవు. బావ ఫోటో ముందు, బుజ్జమ్మ పాత జాకెట్టుగుడ్డతో కుట్టిన అరచేతంత తలగడ ఉంది. దూది కూరి, అంచుకు ఎర్రదారం వేసి మరీ కుట్టింది. అచ్చియమ్మకు ముందు నవ్వొచ్చింది. నవ్వుతూనే కూలబడి, బిలాస్‌పూర్ వచ్చాక మొదటిసారి పోలయ్య కోసం ఏడ్చింది. బుజ్జమ్మ పక్కన కూర్చుని వీపు రాసింది.

ఇంజన్లు వెనక వరండాలోకి చేరాయి. అక్కడ గోవిందరావు తలుపుచెక్క మీద పట్టాలు పరిచి, బొత్తాం ముట్టుకునే ముందు అక్క అనుమతి అడగడం నేర్చుకున్నాడు. అయినా పొడవకుండా ఉండలేడు.

"ఎంతసేపూ నీ డెల్టిక్కేనా? మన డీజిలు చూడలేదు నువ్వు. అమెరికావోడి డిజైను. దాని ముందు నీ గుర్రం గాడిదే."

"చూపించు మరి," అంది అచ్చియమ్మ.

అలా ఒక సెలవు రోజున ముగ్గురూ పక్కనున్న ఉస్లాపూర్ స్టేషనుకు వెళ్లి, కట్నీ వైపు ప్లాట్‌ఫారం చివర వేపచెట్టు నీడలో కూర్చున్నారు. బుజ్జమ్మ పూరీలు, ఆవకాయ తెచ్చింది. చాలాసేపటికి జంట డీజిళ్లతో బొగ్గు గూడ్సు ఒకటి ఎత్తు ఎక్కుతూ వచ్చింది. అచ్చియమ్మ పూరీ పక్కన పెట్టి కళ్లు మూసుకుంది. నేల అదిరింది. బండి మొత్తం పోయేదాకా ఆమె కళ్లు తెరవలేదు.

"ఏటీ? ఎలాగుంది?" గోవిందరావు ఆత్రంగా అడిగాడు.

"బలం ఉన్నాది. కానీ ఇది పాడదురా, దగ్గుతాది. రెండోది మరీను. కషాయం పోయించండి దానికి."

గోవిందరావు బుజ్జమ్మ వైపు తిరిగి, "చూసేవా, పొగరు!" అన్నాడు. బుజ్జమ్మ డబ్బా మూతపెట్టి లేచింది.

"చూసేసేం కదా ఒదినా, ఎల్దామేటి?"

అచ్చియమ్మ కదల్లేదు. సిగ్నలు వైపు చూస్తూ చీర కుచ్చిళ్లు సర్దుకుని, ఇంకాస్త బాగా కూర్చుంది.

"కూకోవే. ఇప్పుడే కదా వొచ్చేం."