కంటిపాపల మధ్య దూరం

మా ఆయన బస్సు నడుపుతారు. నేను కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. ఊళ్ళో సగం మంది ముక్కుల మీద మా కోడలి పనితనమే ఉంటుందని అత్తయ్య ఇరుగుపొరుగుకు చెప్పుకుంటుంది. అంత గొప్ప పనిమంతురాలిని, నా చేత్తో మా ఆయనకు చేసిచ్చిన జోడు మాత్రం రెండు నెలలుగా ఆయన తల పగలగొడుతోంది. ఆ సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు, ఆయన బస్సులో కండక్టరుతో సహా.

నాకు తెలిసింది కూడా బస్సులోనే. ఆ రోజు కరెంటు పోయి షాపు తొందరగా మూసేశారు. ఎదురుగా వచ్చిన బస్సు ఆయనదే. సరదాగా చెప్పాపెట్టకుండా వెనక తలుపు నుంచి ఎక్కి కూర్చున్నాను. డ్రైవరు ముందున్న అద్దంలో ఆయన ముఖం కనిపించింది. ముక్కు మీద పాత జోడు. అద్దాలు గీతలు పడి, ఒక కాడకు దారం చుట్టి ఉన్న ఆ జోడును ఎప్పుడో పారేయమన్నాను. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు ఆయన నన్ను చూశారు. చూసీ చూడగానే పాతది తీసి జేబులో కుక్కి, కొత్తది పెట్టుకుని, దొంగతిండి తింటూ దొరికిపోయిన పిల్లాడిలా నవ్వారు. పచ్చలైటు పడగానే మళ్ళీ పాతదే పెట్టుకున్నారు. నా కోసం ఏమైనా చేస్తారుగానీ, జనం ప్రాణాలతో ఆటలాడరు.

ఇంటికొచ్చాక నిలదీశాను.

“కొత్తవి పెట్టుకుంటే ఏమవుతోంది?”

“ఏముంది, కాస్త తలనొప్పి. మెట్టు ఒకచోట ఉంటే ఇంకోచోట ఉన్నట్టు కనిపిస్తుంది.”

“మరి నోరు తెరిచి చెప్పొచ్చుగా?”

“నువ్వు చేసినవి కదా” అన్నారు, అదే జవాబు అన్నట్టు.

అత్తయ్య ఊరుకుంటుందా? “దీపం కింద చీకటంటే ఇదేనమ్మా. ఊరందరికీ చూపు తెప్పిస్తావు, నీ మొగుడు మాత్రం గుమ్మాలకి గుద్దుకుంటూ తిరుగుతున్నాడు” అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టే మొగుడైతే తిరిగి తిట్టొచ్చు. మంచితనంతో చంపేవాడి మీద ఎవరికి చెప్పుకోవాలి?

మర్నాడు ఆ జోడు షాపుకు తీసుకెళ్ళి యంత్రం మీద పెట్టాను. పవరు సరిగ్గానే ఉంది. ఒక్కో అద్దానికి అసలు మధ్యభాగం ఎక్కడుందో ఆ యంత్రం సిరా చుక్క పెట్టి చూపిస్తుంది. మనిషి కంటిపాపల మధ్య ఎంత దూరముంటే ఆ చుక్కల మధ్య కూడా అంతే ఉండాలి. లేకపోతే కళ్ళు లాగి తల దిమ్మెక్కిపోతుంది. రెండు చుక్కల మధ్య స్కేలు పెట్టి మిల్లీమీటర్లు లెక్క చూశాను. అరవై ఎనిమిది.

మా ఆయన కళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి. వాటి మధ్య అంత దూరం ఉండే ప్రసక్తే లేదు. షాపుకొచ్చే ప్రతి మనిషినీ కూర్చోబెట్టి కొలిచే నేను ఆయన్ని కొలవలేదు. రోజూ చూసే ముఖమే కదా, కొలవడమేమిటని నవ్వాను. ఆ రోజు అద్దాలు అరగదీసే యంత్రంలో అంకె నొక్కేటప్పుడు నా వేలు తడుముకోలేదు, ఆగలేదు. ఆ అంకె ఎవరిదో నాకు తెలుసు.

పని నేర్చుకునే రోజుల్లో మా మేస్త్రి నన్నూ ఇంకొకతన్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరి కళ్ళు ఒకర్ని కొలవమనేవాడు. కొలవడం చిన్న పనే. “నా ఎడమ కన్ను చూడు” అని, ఎదుటి మనిషి కుడి కంటిపాప మీద స్కేలు సున్నా నిలపాలి. “ఇప్పుడు నా కుడి కన్ను చూడు” అని, రెండో పాప దగ్గర అంకె చదవాలి. ఊపిరి తగిలేంత దగ్గరగా కూర్చోవాలి. అతను నన్ను కొలిచినప్పుడల్లా “సున్నా కదిలిపోయింది” అంటూ మళ్ళీ మొదటికొచ్చేవాడు. అందుకే మేస్త్రి అతనికి సున్నా అని పేరు పెట్టాడు. అది కదల్లేదని అతనికి తెలుసు, నాకూ తెలుసు. నాది అరవై రెండని తేల్చడానికి అతనికి మధ్యాహ్నమంతా పట్టేది.

మా పెళ్ళి గురించి ఇంట్లో అడుగుతానన్నాడు. రేపన్నాడు, ఎల్లుండన్నాడు. నాన్చి నాన్చి, చివరికి వాళ్ళన్నయ్య వేరే ఊళ్ళో షాపు పెడితే అటే వెళ్ళిపోయాడు. మాట తప్పాడందామంటే చేసుకుంటానని అసలు మాటే ఇవ్వలేదు. మనసారా కోప్పడే వీలు కూడా నాకు మిగల్చలేదు.

తరవాత నాకు పెళ్ళయింది. మా ఆయన వంక పెట్టడానికి వీల్లేని మనిషి. అయినా సున్నా కావాలనిపిస్తుంది. ఇప్పటికీ అనిపిస్తుంది. గిన్నెలు కడుగుతూ ఆ గొంతు వినిపించినట్టై వెనక్కి తిరిగిన రోజులున్నాయి. అతనికున్నంత దూరమున్న కళ్ళు షాపుకొస్తే, అవి ఏ ముసలాయనవైనా సరే, స్కేలు తియ్యడానికి నా చెయ్యి కాస్త ఆలస్యం చేస్తుంది. మనసులో ఉన్నది మనసులో పడుంటుంది, దానివల్ల సంసారానికి వచ్చిన నష్టమేముందని సర్దిచెప్పుకున్నాను. అది వచ్చి మా ఆయన ముక్కు మీద కూర్చుంది.

ఆదివారం పొద్దున కిటికీ దగ్గర రెండు కుర్చీలు వేశాను.

“కూర్చోండి. కదలకండి.”

“ఇంజెక్షనా?”

“మాట్లాడకుండా నా ఎడమ కన్ను చూడండి.”

చూశారు. ఆయన కుడి కంటిపాప పక్కన చిన్న గోధుమరంగు మచ్చ ఉంది. ఆరేళ్ళ కాపురంలో నేను దాన్ని చూడనే లేదు. సున్నా కళ్ళలో ఏ మూల ఏ ఎర్రజీర ఉండేదో ఇప్పుడడిగినా చెప్పగలను. నా కళ్ళు నిండిపోయి స్కేలు మీద గీతలు అలుక్కుపోయాయి. తుడుచుకుని మళ్ళీ కొలిచాను.

“ఎంత?”

“అరవై ఒకటి.”

“ముందు ఎంత పెట్టావు?”

“అరవై ఎనిమిది.”

“షాపులో ఎవరిదో కలిసిపోయిందా?”

తప్పించుకునే దారి ఆయనే చూపించారు. అవునంటే మధ్యాహ్నం భోజనాల వేళకు అంతా మామూలైపోతుంది. కానీ ఆ మచ్చ నా వైపే చూస్తున్నట్టుంది.

“కలిసిపోలేదు. నాకు గుర్తున్న దూరం అది. నాతో పని నేర్చుకున్నతనిది. పెళ్ళికి ముందు.”

వంటింట్లో అత్తయ్య గిన్నెల చప్పుడు ఆగింది.

“ఇప్పుడు ఎక్కడున్నాడు?”

“తెలియదు. తెలుసుకోలేదు.”

“మర్చిపోయావా?”

“లేదు.”

ఆయన కిటికీ గట్టు మీదున్న కొత్త జోడు తీసి వెలుతురుకు పట్టి చూశారు. “అయితే ఇవి అతనికి సరిపోతాయా?”

వెటకారమేమోనని ఆ గొంతులో వెతికాను. కాదు, నిజంగానే అడుగుతున్నారు.

“సరిపోవు. పవరు మీది. దూరం ఒక్కటే అతనిది.”

“అంటే ఎవరికీ పనికిరావు.”

“ఎవరికీ పనికిరావు.”

ఆ జోడు పెట్టుకునే రెండు నెలలు ఆయన నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నారు. బాగా కనిపిస్తోందని చెప్పారు. నాకు ఏడుపు ఆగలేదు. అది సున్నా కోసమో ఈయన కోసమో నాకే తెలియలేదు. ఇద్దరి కోసమూ అయ్యుంటుంది.

లేచి వెళ్ళిపోతారనుకున్నాను. ఆయన జోడు తిరిగి గట్టు మీద పెట్టి, నా చేతిలోంచి స్కేలు తీసుకున్నారు.

“నీది ఎంత?”

నాదెంతో నాకు తెలుసు. కొలిచింది ఒక్కడే.

“మీరే చూసి చెప్పండి.”

దగ్గరివి ఆయనకు జోడు లేకపోయినా కనిపిస్తాయి. స్టీరింగు పట్టి పట్టి కాయలు కాసిన వేళ్ళు నా ముక్కు మీద స్కేలు ఆనించాయి. “నా ఎడమ కన్ను చూడు” అన్నారు. చూశాను. “ఇప్పుడు కుడి కన్ను.” చూశాను.

“అరవై అయిదు.”

తప్పు. స్కేలు పక్కకు జారి సున్నా నిజంగానే కదిలిపోయింది. సరేనని తలూపితే అక్కడితో అయిపోయేది.

“తప్పు” అన్నాను. “మళ్ళీ చూడండి.”

ఆయన కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నారు.