ఎర్ర దారం కట్టని చోటు

నవ్వనీ, బాగా నవ్వనీ, వెనక పళ్ళు కూడా కనపడేలా నవ్వి డబ్బు పెట్టే అతిథులకి చూపించుకోనీ, శుక్రవారమని వేసుకొచ్చిన ఆ అచ్చుబట్ట చొక్కా ఎంత ముచ్చటగా కుట్టించుకున్నాడో, దానిమీద ఒక్కనాడైనా మరక పడదు, పులుసులో చెయ్యి ముంచేది తనే అయినా చిందేది పక్కవాడి మీదే, ఎబో క్వాన్సా పుట్టుక అలాంటిది, ఆసుపత్రులకి ఫోన్ ప్రోగ్రాములు రాసే మా కంపెనీలో ఏది తయారవ్వాలో ఎప్పటికి తయారవ్వాలో చెప్పే పెద్దమనిషి కదా, వయసులో నా కడగొట్టు కొడుకంత ఉంటాడు, ఇవాళ మాత్రం చిందేది నీమీదే నాయనా, ఆ గోడ చూస్తున్నావా, పొద్దున్నుంచీ దానిముందు నిలబడే ఫొటోలు దిగుతున్నావు, పన్నెండు జట్లవాళ్ళు అతికించిన రంగురంగుల చీటీలు, ఎవరి పని ఎవరి పని కోసం ఆగాలో తెలిసేలా ఒక చీటీ నుంచి ఇంకో చీటీకి గుండుసూదులతో లాగిన ఎర్ర ఊలుదారాలు, వాటిలో ఒకటి తక్కువైంది, ఊలు ఉండ నా సంచిలో ఉంది, సంచి నా ఒళ్ళో ఉంది, నేను లేవను.

భోజనాలకి ముందే చూశాను, ఆకులో కట్టిన వాచే బొబ్బర్లన్నం పొట్లాలు అందరికీ వచ్చాయో లేదో చూస్తూ గోడ పక్కనుంచి నడుస్తుంటే కళ్ళు ఊరుకోవు కదా, వుంపిని అనే అమ్మాయి జట్టు చీటీ ఫిబ్రవరిలో ఉంది, పల్లెల్లో నర్సుల ఫోన్లకి సిగ్నల్ లేకపోయినా గర్భిణుల వివరాలు దాచిపెట్టి సిగ్నల్ రాగానే రాజధాని అక్రాకి పంపే పని ఆ పిల్లది, ఆ పంపినవన్నీ పట్టుకోవాల్సిన జట్టు చీటీ ఏప్రిల్‌లో ఉంది, ఆసుపత్రులన్నిట్లో మార్చిలో మొదలుపెడతామని ఈ సాయంత్రం ఎబో అతిథుల ముందు చెప్పబోతున్నాడు, అంటే నీళ్ళు మోసేవాళ్ళు ముందొస్తారు, పోసుకునే డ్రమ్ము తర్వాతెప్పుడో వస్తుంది, మధ్యలో ఒక్క ఎర్ర దారం లాగితే హాలంతా కళ్ళు తెరుచుకునేది, లాగబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను, ఎంత హాయిగా ఉందో ఆ వెనక్కి తీసుకోవడం, మార్చి వస్తుంది, మొదలుపెట్టిన పని ఆగిపోతుంది, అబిజాన్‌లో హెడ్డాఫీసులో వీడి కోసం ఎదురుచూస్తున్న పెద్ద కుర్చీ ఇంకొకడికి పోతుంది, నేను ఇంట్లో కూర్చుని మొక్కజొన్న ఆకు చుట్టిన కెంకే ముద్ద ఒలుచుకుంటూ ఆ కబురు వింటాను.

నా పని అదే కదా మరి, దారాలు కట్టించడం, నేను ఎవరికీ పై అధికారిని కాను, ఒక్క అక్షరం కోడు రాయను, ఇంతమంది ఉన్న జట్లు రైలు పెట్టెల్లా ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఒకే పట్టాల మీద కదిలేలా చూడటం, ఒకడి కోసం ఇంకొకడు ఆగి ఉన్నాడని ఇద్దరికీ చెప్పడం, నోళ్ళలో నలిగే మాటని పైకి తెప్పించడం, మూడు నెలలకోసారి అందర్నీ రెండు రోజులు ఒకే హాల్లో కూర్చోబెట్టడం, దీనికి పొడుగాటి ఇంగ్లీషు పేరు పెట్టి నాకిచ్చారు, కుర్రాళ్ళు రైలమ్మ అంటారు, ఇది ఎక్కడ నేర్చుకున్నావు ఆంటీ అని ఉద్యోగంలో పెట్టుకున్న రోజు అడిగితే చావుల్లో అన్నాను, నిజమే, మా ఊరి వైపు ఆన్లోలో డోవి అత్త పోయినప్పుడు డప్పులవాళ్ళు వచ్చేశారు, షామియానా లేచింది, కుర్చీలు దిగాయి, కూలర్లలో కూల్‌డ్రింకులు, మూడు ఊళ్ళ చుట్టాలు నల్లబట్టల్లో, శవం మాత్రం ఆసుపత్రి మార్చురీలోనే ఉంది, తాళం ఉన్నవాడు ఇంకో చావుకి పోయాడు, నువ్వు తెస్తావనుకున్నానే అబ్లా అని బాబాయి, నువ్వు చెప్పావనుకున్నా బాబాయ్ అని నేను, అత్త ఉంటే ఆ డప్పులకి తనే లేచొచ్చేదే అని ముసలాళ్ళు, ఆ తర్వాత మా వైపు ఏ చావైనా నేను లేకుండా జరగలేదు, ఎవరు ఎవరికోసం ఆగాలో ముందే అడిగేదాన్ని, అడిగి ఊరుకునేదాన్ని కాదు, ఎదురుగా నిలబెట్టి ఇద్దరిచేతా చెప్పించేదాన్ని, ఈ మాట నేను నవ్వుతూ చెప్తే వీడు దాచిపెట్టుకున్నాడు, అవసరానికి తీసి నా మొహాన కొట్టడానికి.

కిందటిసారి, ఈ హాల్లోనే, ఆఖర్న ఓటు ఉంటుంది, అనుకున్న పని అనుకున్నట్టు అవుతుందని ఎంత నమ్మకముందో ప్రతివాళ్ళూ చెయ్యెత్తి వేళ్ళు చూపించాలి, గట్టి నమ్మకమైతే అయిదూ, లేకపోతే ఒకటో రెండో, మూడుకి తక్కువ చూపిస్తే వాళ్ళకి మైకు ఇచ్చి ఎందుకో చెప్పించాలి, చెప్పడం అయ్యేదాకా ఎంతటివాడైనా అడ్డు రాకూడదు, మైకు నా చేతిలో ఉంటుంది, నాకున్న అధికారమంతా ఆ కాస్తే, అలాంటిది ఆ రోజు వీడు ఏ విమానం అందుకోవాలో మరి, అందరూ బాంకూ ముద్దలు పులుసులో ముంచి తింటుండగానే వేళ్ళెత్తండి వేళ్ళెత్తండి అన్నాడు, వుంపిని కుడిచెయ్యి మణికట్టుదాకా బెండకాయ పులుసు, తోచక ఎడమచెయ్యి ఎత్తింది, రెండు వేళ్ళు, నేను చూశాను, అడగబోయాను, ఎబో గుండెమీద చెయ్యి వేసుకుని అయ్యో అయ్యో అన్నాడు, ఎడమచెయ్యా అమ్మాయ్, పెద్దవాళ్ళ మొహం మీదకి ఎడమచెయ్యి ఎత్తుతావా, తమాలేలో మీ ఇంట్లో ఇదే నేర్పారా అన్నాడు, హాలంతా పగలబడి నవ్వింది, ఆ పిల్ల క్షమించండి సార్ క్షమించండి అంటూ చెయ్యి బల్లకింద దాచుకుంది, ఆ చేతితోపాటే రెండు వేళ్ళూ పోయాయి, వాటిని మళ్ళీ ఎవరూ అడగలేదు, నేను సాయంత్రం వీడి గదికెళ్ళి సార్ ఆ అమ్మాయిని ఒకసారి పిలిచి అడగండి, ఏదో చెప్పబోయింది అంటే భయపడేవాళ్ళకి నా రైల్లో సీటు లేదు ఆంటీ అని ఫోను చూసుకున్నాడు.

ఆ పని ఆసుపత్రుల్లో మొదలైన రోజు పొద్దున్నే ఫోన్లు గడ్డకట్టుకుపోయాయి, కేటా వైపు ఆసుపత్రుల బయట నిండు గర్భిణులు ఎండలో బెంచీల మీద, నర్సులు అరచేతుల మీద రాసుకున్నారట, తర్వాత మీటింగులో ఇదే అతిథులు, ఇదే నవ్వు, రైలు నడిపేది ఆంటీ అబ్లా, సిగ్నల్ చూడాల్సింది ఆవిడే, నాకు ఒక్కమాట ముందు చెప్పలేదు అన్నాడు ఎబో, లేవండి ఆంటీ, వాళ్ళు మిమ్మల్ని చూడాలి అన్నాడు, లేచాను, తలగుడ్డ సర్దుకుంటూ లేచాను, ఈ వయసులో మోకాళ్ళు పట్టుకుని లేచాను, ఇది చావుభోజనాలు వడ్డించడం కాదు ఆంటీ అన్నాడు, ఎవరో కిసుక్కున నవ్వారు, వచ్చేసారి రైలు అయ్యాక ఆంటీకి ఉద్యోగం నుంచి విశ్రాంతి ఇద్దాం అన్నాడు, దానికి చప్పట్లు కూడా కొట్టారు, అది మొదలు బట్టలు పిండినా వీడి మెడే, మిరపకాయ దంచినా వీడి నోరే, మనవరాలికి జడలు అల్లుతుంటే వీడు గుర్తొచ్చి లాగేశాను కాబోలు అమ్మమ్మా చంపేస్తున్నావే అని కేక పెట్టింది, చెప్పానుగా, నేను లేవను, అదిగో పిలుస్తున్నాడు, ఆంటీ, ఇక ఓటు పెట్టించండి, బండి కదిలిద్దాం.

సరే పెట్టిస్తాను, కూర్చునే పెట్టిస్తాను, చేతులు ఎత్తండి పిల్లలూ అన్నాను, కుడిచేతులే ఎత్తండి అని వీడే అరిచాడు, మళ్ళీ ఆ నవ్వు, నీఆర్మా అనే కుర్రాడు అయిదు వేళ్ళూ ఎత్తి రెండో చెయ్యి కూడా ఎత్తనా బాస్, పది ఇస్తా, మధ్యాహ్నం వాచేలో రెండు గుడ్లు పెట్టారు అంటున్నాడు, ఒరేయ్ నీ నమ్మకం కడుపులో ఉందిరా అని పక్కవాడు, నాలుగులు, అయిదులు, మూడులు, మూల బల్ల దగ్గర వుంపిని చెయ్యి లేచింది, రెండు వేళ్ళు, ఎబో చూశాడు, ఊరికే చూశాడంతే, ఉంగరపు వేలు మెల్లగా లేచి నిలబడింది, మూడు, అయితే ఈ పిల్లకీ తెలుసన్నమాట, తెలిసి మింగేసింది, మంచిది, మింగెయ్ తల్లీ, నాకు కావల్సింది అదే, ఇప్పుడు నేను అందరూ మూడూ ఆ పైనే సార్ అంటే అయిపోతుంది, అనాలి, మార్చిలో ఆగిపోతుంది, మళ్ళీ మీటింగు, ఇదే అతిథులు, ఎబో లేస్తాడు, లేచి, ఏమంటాడు, ఏమంటాడో నాకు తెలీదా, ఆ మాట నా చెవిలో ఇప్పుడే వినపడుతోంది, లే అమ్మాయ్ వుంపిని, వాళ్ళు నిన్ను చూడాలి, మూడు వేళ్ళు నువ్వే చూపించావు కదా, అప్పుడెందుకు చెప్పలేదు, ఆ పిల్ల లేస్తుంది, ఈసారి చప్పట్లు ఎవరికో.

వారాల తరబడి నూరుకున్న కత్తి ఎవరి వైపు పట్టుకున్నానో చూడు, వీడు పడడు, ఇన్ని ఆగిపోయాయి, ఒక్కసారైనా పడ్డాడా, ప్రతిసారీ కింద పరుచుకోవడానికి వీడికి ఒక మనిషి దొరుకుతుంది, కిందటిసారి నేను, వచ్చేసారి ఆ పిల్ల, నేను నోరు మూసుకుంటే మనిషిని పరిచి ఇచ్చేదాన్ని నేనే అవుతాను, మరి దేనికి భయపడతాడు వీడు, ఏదో ఉండాలి కదా, తింటుండగా ఓటు పెట్టించడం దేనికి, ఆ జోకులు దేనికి, తక్కువ వేళ్ళు లేచిన వైపు తల తిప్పి వెంటనే ఫోను చూసుకోవడం దేనికి, ఆ రెండు వేళ్ళు నోరు తెరుస్తాయేమోనని, అందరి ముందూ, తన దగ్గర జవాబు లేని ప్రశ్న, ఓరి నీ ఇల్లు బంగారం గానూ, ఇన్నాళ్ళూ నీ భయాన్ని ఈ మైకుతోపాటు నా చేతిలోనే పట్టుకుని తిరుగుతున్నానా నేను.

లేచాను, మోకాళ్ళు కటకటలాడినా లేచాను, ఏంటి ఆంటీ, అందరూ మూడూ ఆ పైనే కదా అన్నాడు, లేదు సార్, ఆ మూల చెయ్యి మొదట రెండే చూపించింది, నమ్మకం పెరిగిందేమో ఆంటీ, పెరిగితే మంచిదే సార్, ఎందుకు పెరిగిందో అదే చెప్తుంది, మీరు ఇలా ముందుకొచ్చి నిలబడి వినండి, కుర్చీలు అతిథులకే సరిపోయాయి, టైము లేదు ఆంటీ, టైము పన్నెండు జట్లదీ సార్, వాళ్ళని అడుగుదామా, ఎవరూ నవ్వలేదు, నీఆర్మా ఎత్తిన చెయ్యి దించి రెండే వేళ్ళు చేసి మళ్ళీ ఎత్తాడు, వెనక బల్లల్లో ఇంకో రెండు చేతులు అలాగే మారాయి, మైకు తీసుకెళ్ళి వుంపిని చేతిలో పెట్టాను, ఏమన్నా అంటారేమో ఆంటీ అంది గుసగుసగా, అననీవే, నువ్వు చెప్పడం అయ్యాకే అనాలి, అది కట్టుబాటు, క్షమించండి అని మొదలుపెట్టింది, తర్వాత ఫిబ్రవరి అంది, తర్వాత ఏప్రిల్ అంది, ఆ రెంటి మధ్య ఎంతమంది నర్సుల ఫోన్లలో ఎంతమంది తల్లుల వివరాలు బయటికి పోలేక కూరుకుపోతాయో చెప్తుంటే గొంతులో బెదురు పోయింది, అతిథుల్లో తెల్లజుట్టు ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని గోడ దగ్గరికి నడిచి, అయితే మార్చిలో ఎలా మొదలుపెడదామనుకున్నారు మిస్టర్ క్వాన్సా అని అడిగింది, అమ్మాయి ఇంకా చెప్తోందమ్మా, ఆయన జవాబు తర్వాత అన్నాను నేనే, ఎంత మర్యాదగా అన్నానో, వీడు నోరు తెరిచాడు, నేను అరచెయ్యి ఎత్తాను, మూశాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక జేబులో ఒకసారి నడుం మీద ఒకసారి, నుదుటి మీద చెమట, తుడుచుకుంటే అందరూ చూస్తారని తుడుచుకోవడం లేదు, నేనేమీ క్షమించలేదు, ఒక్క రవ్వ కూడా, వీణ్ణి పడెయ్యాలని వారాల తరబడి పిచ్చిదానిలా తపించాను, పడితే ఎవరినో పరుచుకుని లేచేవాడు, ఇలా నిలబెట్టి వినిపిస్తే వీడికి పోవడానికి దారే లేదు, పిల్లా, నెమ్మదిగా చెప్పు, ఏదీ వదలకుండా మొదట్నుంచీ చెప్పు.