ఎనిమిది కాగితాల చెయ్యి

ఎల్లప్ప బస్సుకు పెట్టే 'చార్మినార్' బోర్డు మీద 'చా' దించి, బ్రష్ ఎత్తి, మళ్ల ఆనిచ్చే లోపల డిపోలకెళ్లి రెండు బస్సులు పోయి వచ్చినయి. మూడోది ఖరాబైంది, బాగైంది కూడా. ఆయన చెయ్యి ఒక గీత గీస్తది, ఆగుతది, ఎవరినో పర్మిషన్ అడిగినట్టు నిలబడ్తది, అప్పుడు ఇంకో గీత. మనమైతే అక్షరాన్ని ఒక్క ఊపుల తిప్పేస్తం. ఎల్లప్పకు ఆ ఊపు దేవుడు ఇయ్యనే లేదు.

నలభై ఆరేండ్ల మనిషి. సన్నటి మెడ, మోకాళ్ల దాంక చేతులు. మాట్లాడితే ఎదుటోని అంగి గుండీల దిక్కు చూస్తడు. చాయ్ అంచు పగిలిన ఒక్క గ్లాసులనే తాగుతడు. అది ఇంకొకరి చేతిల ఉంటే, వాళ్లు తాగి కడిగేదాంక పక్కకే నిలబడ్తడు.

ఫోర్‌మన్ రామలింగానికి దేవునికన్న గడియారం మీద భక్తి ఎక్కువ. వారానికి ఒక్క బోర్డు రాసేటోడు మనకెందుకు, రేపటి సంది బస్సులు కడుగుతడు అన్నడు. ఎల్లప్ప బ్రష్ కింద పెట్టిండు. నీళ్ల తుంపర పడితే ఆయనకు నిప్పురవ్వలు పడ్డట్టే. తడిగుడ్డతోని ఒళ్లు తుడుసుకునుడే ఆయన స్నానం. పైపు పట్టుమంటే నౌకరీ ఇడిసిపెట్టి పోవుడే.

కాని పని మార్చాల్నంటే దవాఖాన కాగితం కావాలె. 'పనికిరాడు' అని రాస్తుంటే కండ్లార చూద్దామని రామలింగమే ఎంట పోయిండు.

చేతిరాత చూసే డాక్టరు ఒక్క సుశీలే, అదీ పిల్లలకు. నలుగురిల కలవని పిల్లలు పెన్ను ఎట్ల కదిలిస్తరో ఏండ్లసంది రాసిపెట్టుకుంటున్నది. ఆమె ఎనిమిది కాగితాలు పేర్చి నడుమ కార్బన్లు పెట్టింది. ముందుగాల రామలింగాన్ని పేరు రాయమన్నది. రెప్ప కొట్టే లోపల అయిపోయింది, మూడో కాగితం దాంకనే దిగింది.

కొత్త కట్ట పెట్టినంక ఎల్లప్ప పెన్సిల్ పట్టిండు. రామలింగం చాయ్ తాగొచ్చిండు, కునుకు తీసిండు, లేచి చూస్తే 'ప్ప' ఇంకా మిగిలే ఉన్నది. చెయ్యి ఆగినప్పుడల్లా డాక్టరమ్మ ఒక చుక్క పెట్టుకున్నది. ముప్పై ఒక్క చుక్కలు. ఎనిమిది కాగితాల మీదా పేరు అచ్చు గుద్దినట్టు పడ్డది.

"నయమైతదా డాక్టరమ్మా?" అన్నడు రామలింగం, కానే కాదంటదేమో అన్న ఆశతోని.

"రోగముంటే కద, నయం కానీకె."

ఆమె ఎల్లప్ప మొహం దిక్కు చూడలే. ఆయన గుండీల దిక్కు చూసుకుంటనే చెప్పింది. "నీ చెయ్యి గీత గీతకు ఆలోచిస్తదే. పుట్టినప్పటి సందే గట్ల. నా తాన గిసొంటి పిల్లలు మస్తున్నరు."

ఎల్లప్ప పెన్సిల్‌ను బల్ల అంచుకు సూటిగ పెట్టిండు.

"అయితే పైపు?"

"పైపెందుకు? నీకు బ్రషే."

అదే మాట కాగితం మీద రాసిచ్చింది. రామలింగం అడుగు కూడ కదలక, సంతకం ఎండేదాంక నిలబడి ఊదిండు.

డిపోకు వాపస్ వచ్చినంక, ఆ పొద్దు గుంకేసరికి బోర్డు మీద 'ర్మి' పూర్తయింది. ఎల్లప్పకు అంతకన్న జల్ది ఎన్నడూ కాలే.

ఇంకో పదకొండేండ్లు రాసిండు. ఒకనాడు బోర్డు ముగించి, ఇంటికి పోయి పండుకున్నడు, లేవలే. డిపోల ఆ దినం బస్సులన్నీ టైముకే పోయినయి.

దవాఖాన్ల డాక్టరమ్మ బల్లను మాత్రం ఎవరూ మార్చలే. ఆనాడు ఎనిమిదో కాగితం ఉన్న తాన, టేకు చెక్కల, వేలు పట్టేంత లోతుకు దిగి ఉన్నయి ఎల్లప్ప పేరు గీతలు.