గార్డియన్ గడి

ఆడవాళ్లకు ఆశ్రయమని ఇల్లు కట్టి, దాని రిజిస్టరులో గార్డియన్ అని గడి గీసిన కమిటీ పెద్దల్లారా, చంద్రావతిని మొగుడికి పట్టించింది మీరే!

ఈ ఎనభై ఎనిమిదో సంవత్సరం వానల్లోనే, ఎడమ కన్ను వాచి మూసుకుపోయి, ఈ బెంగాలీ రైల్వే ఊళ్లో మలంచా పేట దాటి రిక్షాలో వచ్చింది ఆమె. తెలుగు నేర్చిన బెంగాలీ వార్డెన్ దీదీ పేరడిగింది.

"కామేశం భార్య, టికెట్ నంబరు రెండువేల పదిహేడు."

తొమ్మిదేళ్లుగా రైల్వే ఆసుపత్రి కిటికీ దగ్గర చెప్పింది అదే. వర్క్‌షాపులో మొగుడి నంబరు చెప్తేనే మందు చేతికొస్తుంది. దీదీ అలాగే రాసుకుంది. గార్డియన్ గడిలోనూ కామేశాన్నే రాసింది.

మర్నాడు వర్క్‌షాపు సైరన్‌కు చంద్రావతి లేచి బియ్యం కడిగేసింది.

"ఎవుడికే క్యారేజీ?" అంది వంటమనిషి నాగేశ్వరమ్మ.

చంద్రావతికి తెలియలేదు. పస్తుతో డ్యూటీకి పోతాడేమోనని బెంగ. పోతే పోనీ అని కోపం. గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నియమం ప్రకారం గార్డియన్‌కు ఉత్తరం వెళ్లింది. నాలుగో రోజు కామేశం గోల్‌బజార్ మిఠాయి పట్టుకుని దిగాడు.

"ఏటే, కన్ను తగ్గినాదా? పద. ఇంట్లో పొయ్యి ఎలగలేదు."

"నువ్వే కొట్టినావు కదా మావా."

"కొట్టినాను. మరిప్పుడొచ్చి పిలస్తన్నాను కదా!"

దీదీ అతనికి పెన్ను ఇచ్చింది. "ఠీక్ హై, సంతకం పెట్టి తీసుకెళ్లు."

"నన్నడగవా దీదీ?"

"ఆ పేరు నువ్వే చెప్పావు కదా!"

నిజమే, తనే చెప్పింది. అయితే తప్పు తనదేనా? వెళ్తే మళ్లీ కొడతాడా? కొట్టడా? కాళ్లు మాత్రం అప్పుడే గుమ్మం వైపు కదిలాయి. నాగేశ్వరమ్మ గరిటెతో అడ్డం నిలబడింది.

"నాలుగు రోజులై కూడెడతన్నాను, నీ పేరేటో తెలీదు. అది సెప్పి ఎల్లు."

"కామే..." అని ఆగిపోయింది. "చంద్రావతి," అంది, ఎవరినో పిలిచినట్టు.

తర్వాత రిజిస్టరు లాక్కుని నేలమీద చతికిలబడింది. "ఆయన పేరు కొట్టెయ్ దీదీ. నా పేరు రాయి. ఎల్తానో ఉంటానో నాకే తెలీట్లేదు. తెలిసినాక నానే సెప్తాను."

"కమిటీని అడగాలి," అంది దీదీ.

మిఠాయి పొట్లంతో కామేశం గుమ్మంలోనే ఉన్నాడు. రిజిస్టరు ఆమె ఒళ్లోనే ఉంది.

ఏం కమిటీ? ఎప్పుడు కూర్చుంటారు? ఆ గడి కొట్టేయండి. ఆమె నోటితో చెప్పందే ఎవడి చేతికీ అప్పగించకండి. రేపు సైరన్ మోగేలోపు!