ఇంట్లో అనకూడని పేరు

నేను ఒక కత్తిని. మనిషిని పొడిచిన కత్తిని కాను. అలాంటి కథ కోసం వచ్చినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. పిడితో కలిపి జానెడు ఉంటాను. పుట్టింది ఫిన్లాండులో, చేరింది విశాఖపట్నం మల్కాపురంలో. ఆ రెండు చోట్లకీ మధ్య చాలా సముద్రం ఉంది. ఒకే ఇంట్లో ఉన్న మొగుడికీ పెళ్ళానికీ మధ్య అంతకంటే ఎక్కువ దూరం చూశాను. అది చెప్తాను.

మా దేశంలో నాలాంటి కత్తికి ఒక పేరుంది. రెండక్షరాలు. అక్కడ బడిపిల్లలూ అంటారు, చర్చికెళ్ళే ముసలమ్మలూ అంటారు. ఖర్మకొద్దీ ఆ పేరు తెలుగు చెవికి ఒక పచ్చిబూతులా వినిపిస్తుంది. ఆడవాళ్ళ ముందు, పెద్దల ముందు నోరెత్తి అనకూడని మాట. అందుకే దాన్ని ఇక్కడ రాయను. కావలసినవాళ్ళు ఫిన్లాండు వాళ్ళని అడిగి తెలుసుకోండి, అదీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు.

నన్ను చేసినవాడు ఎయ్నో అనే కమ్మరి. మాట తక్కువ, చెయ్యి మంచిది. నాది మెరిసే స్టీలు కాదు, పదును నిలిచే ఉక్కు. చూసుకోకపోతే తుప్పు పడుతుంది. ఆ దేశంలో బర్చి అనే తెల్లటి చెట్టుంది. మీ పూర్వులు రాసుకున్న భూర్జపత్రం ఆ జాతి చెట్టు బెరడే. ఎయ్నో ఆ బెరడుని బిళ్ళలుగా కోసి, ఒకదానిమీద ఒకటి నా వెనకవైపు సన్నటి ఇనుపతోకకి గుచ్చి, బిగించి, అరగదీసి పిడి చేశాడు. తడిచేతిలో జారదు. నా అంచు కూడా మీ వంటింటి కత్తి అంచులా ఉండదు. పక్క మధ్య నుంచి అంచు దాకా ఒకటే వాలు. ఆ వాలంతా రాయికి ఆనించి తోస్తే పదును అదే వస్తుంది. కొంచెం ఎత్తిపట్టి తోసినా పాడవుతుంది. మనుషులకి ఆ కొంచెం ఎత్తకుండా ఉండటం చేతకాదు.

కలప కోసం వచ్చిన ఓడ ఒకటి మా రేవులో ఆగింది. అందులో నుంచి ఇద్దరు తెలుగువాళ్ళు దిగి ఎయ్నో కొలిమికి వచ్చారు. ఒకడు గేదెల దాలినాయుడు, ఇంజను గదిలో ఫిట్టరు. రెండోవాడు వీర్రాజు, కాకినాడ మనిషి, ఓడలో వంటవాడు. దాలినాయుడు నన్ను చేతిలోకి తీసుకుని అంచుని వెలుతురుకి పెట్టి చూశాడు. పనిముట్టు తెలిసినవాడు చూసే చూపు అది. అప్పుడు ఎయ్నో నావైపు వేలు చూపించి నా జాతి పేరు చెప్పాడు.

దాలినాయుడి మొహం బిగుసుకుపోయింది. వీర్రాజు నవ్వాపుకోలేక గుమ్మం పట్టుకున్నాడు.

"ఏమన్నాడ్రా నాయుడూ? నా సామిరంగా, మళ్ళీ ఒకసారి అనమను."

ఎయ్నో మళ్ళీ అన్నాడు. ఈసారి విడమరిచి, నిదానంగా, దీర్ఘం తీసి. పరాయి దేశం వాళ్ళు తన మాట నేర్చుకుంటున్నారని అతనికి సంతోషం. వీర్రాజు కింద కూలబడ్డాడు.

"ఇంక చాల్లే, లెగు," అన్నాడు దాలినాయుడు.

"ఉండరా బాబూ. ఇంటికెళ్ళి మీ అమ్మగారికి ఏమని చూపిస్తావు దీన్ని? అమ్మా, ఫిన్లాండు నుంచి నీకోసం..."

"వీర్రాజూ, నోరు ముయ్యి," అంటూ డబ్బిచ్చి నన్ను సంచిలో పెట్టుకున్నాడు దాలినాయుడు.

దాలినాయుడి సంగతి చెప్పాలి. ఓడ ఇంజను గదిలో బూతు లేకుండా పని జరగదంటారు. అతను ఆ గదిలోనే బతికి, ఒక్క బూతూ అనకుండా బతికాడు. అది అతని గొప్ప. చెడ్డ అలవాటు ఒకటీ లేని మనిషికి ఆ సంగతే చెడ్డ అలవాటైపోతుంది.

మల్కాపురంలో రెండు గదుల ఇల్లు. అందులో తల్లి, పెళ్ళాం అచ్చియ్యమ్మ. ఆమె అతనికి మేనత్త కూతురు. పిల్లలు కలగలేదు. దాలినాయుడు ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్ళమీదే ఉండేవాడు. తిరిగొచ్చినప్పుడల్లా ఒక కత్తి తెచ్చేవాడు. ఎర్రరంగు చెక్కపిడి ఉన్న స్వీడన్ కత్తి, ఎముక మీద చెక్కిన నార్వే కత్తి, ఉత్తరాన జింకలు కాసేవాళ్ళు వాడే కొమ్ముపిడి కత్తి. వాటన్నిటికీ టేకుపెట్టె ఒకటి చేయించాడు. మల్కాపురం గాలి సముద్రం గాలి, ఇనుముని తినేస్తుంది. అందుకని కత్తి వేరు, తోలు ఒర వేరు. ఒర చెమ్మ పట్టుకుంటుంది, అందులో ఉంచితే కత్తి లోపలే చెడిపోతుంది. మెత్తటి బట్టతో తుడిచి, కుట్టుమిషను నూనె చుక్క రాసి, పెట్టె మూలల్లో కర్పూరం బిళ్ళలు పెట్టేవాడు. దసరాకి తల్లి బొట్టు పెడతానంటే పిడికి పెట్టనిచ్చేవాడు, ఇనుముకి కాదు.

"దేవుడికాడ నేని కర్పూరం కత్తులకేటి మావా?" అనేది అచ్చియ్యమ్మ.

"తుప్పు పట్టకండా."

"నాకు పట్టినా సూసేవోడు నేడు."

అతను నవ్వలేదు. నవ్వవలసిన చోట నవ్వని మొగుడితో కాపురం కష్టం.

ప్రతి కత్తికీ ఆమె పేరడిగేది. అతను చెప్పేవాడు. ఇది స్వీడన్‌ది, ఇది ఫలానా ఊళ్ళో చేస్తారు, ఇది పడవల వాళ్ళది. నా దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేవాడు.

"దీని పేరేటి?"

"కత్తి."

"కత్తని నాకూ తెలస్తంది. పేరేటని."

"పేరు నేదు."

తల్లి పక్కగదిలో ఉంది. ఆ మాట ఎలా అంటాడు? అది బూతులా ఉంటుందని ఒక్క ముక్క చెప్పినా సరిపోయేది. అదీ చెప్పలేదు.

ఒకసారి వీర్రాజు భోజనానికి వచ్చాడు. పెట్టె తెరిచి నన్ను చూడగానే నవ్వు మొదలుపెట్టాడు.

"ఇంకా ఉందిరా ఇది నీ దగ్గర? పేరు చెప్పావా మరదలికి?"

"నెమ్మది. ఆ పేరు ఇంట్లో ఎత్తకు. ఒట్టు."

"చెప్పనులే. చెప్తే నీ కాపురం నిలబడదు."

అన్నం గిన్నెతో వస్తున్న అచ్చియ్యమ్మ గుమ్మం ఇవతల ఆగింది. ఆమె చెవిన పడింది అంతే. ఇంట్లో ఎత్తకూడని పేరు. కాపురం నిలబడనివ్వని పేరు. ఏడాదికి పదినెలలు పరాయి రేవుల్లో తిరిగే మొగుడు. పిల్లలు లేని ఇల్లు. ఆమె లెక్క ఆమె వేసుకుంది. ఆ లెక్కలో తప్పేమీ కనిపించలేదు నాకు. పేరంటే ఆడదాని పేరే అనుకుంది. నన్ను ఆ ఆడదే ఇచ్చిందనుకుంది.

లోపలికొచ్చి వడ్డించింది. పులుసు బాగుందని వీర్రాజు రెండుసార్లు అన్నాడు.

దాలినాయుడు మళ్ళీ ఓడెక్కి వెళ్ళిన ఏడాది వేసవిలో అచ్చియ్యమ్మ నిమ్మకాయ ఊరగాయ పెట్టింది. ఇంట్లో కత్తిపీట ఉంది. దాన్ని ముట్టుకోలేదు. పెట్టె తెరిచి నన్ను తీసింది. బుట్టెడు కాయలు నాతోనే కోసి, నన్ను అదే ఉప్పులో, అదే రసంలో వదిలేసి మర్నాటిదాకా తియ్యలేదు. నిమ్మరసం నాలాంటి ఉక్కుకి ఏం చేస్తుందో తెలియక చేసిన పని కాదు. ఇంట్లో ఉన్నప్పుడల్లా అతను చెప్తుంటే విన్నదే.

నేను నల్లబడ్డాను. మొన దగ్గర చిన్న చిన్న గుంటలు పడ్డాయి. అవి పోవు.

అతను వచ్చి చూశాడు. కేక వెయ్యలేదు. నన్ను తిప్పి తిప్పి చూసి, "ఎందుకు కోసినావు?" అన్నాడు.

"కొయ్యడానికే గదా కత్తి."

"ఇన్ని కత్తులుండగా ఇదే దొరికిందా?"

"పేరు సెప్పు. సెప్తే నాను గూడా సెప్తాను."

అతను చెప్పలేదు. ఆమె ఏ పేరనుకుంటోందో అడగలేదు. నన్ను వంటింటి గట్టుమీద పెట్టి, "పాడైనదానికి కర్పూరం దండగ," అని పెట్టె మూసేశాడు.

అలా నేను వంటింట్లో పడ్డాను. నాకు నష్టం లేదు. పెట్టెలో ఉన్నవి మెరుస్తూ ఉన్నాయి, ఒక్కటీ ఒక్క వంకాయ కోసి ఎరగదు. నేను చేపలు కోశాను, మామిడికాయ చెక్కు తీశాను, ములక్కాడలు తరిగాను. చేపనూనె తాగి నా పిడి గట్టిపడింది. అచ్చియ్యమ్మ నన్ను ద్వేషించింది, నాతోనే పని చేసింది. మొగుడితోనూ అంతే.

మొద్దుబారితే నన్ను గడపరాయి మీద గీకేది. ఎత్తిపట్టి, ఇష్టమొచ్చినట్టు. ఓడ ఉద్యోగం మానేసి ఇంటిపట్టునే ఉంటున్న దాలినాయుడు ఆ చప్పుడు వినలేకపోయేవాడు. పక్కగదిలో కుర్చీ జరిపి కూర్చునేవాడు. ఒక ఆదివారం పొద్దున లేచివచ్చి, నన్ను తీసుకుని, సానరాయి తడిపి, వాలంతా ఆనించి తీరిగ్గా పదును పెట్టి, తిరిగి వంటింటి కిటికీలో పెట్టాడు. ఒక్క మాట లేదు. మరుసటి శనివారం సాయంత్రం ఆమె నన్ను కడిగి, తుడిచి అదే కిటికీలో పెట్టింది. ఆమె కూడా ఒక్క మాట అనలేదు. అప్పటినుంచి అదే వరస. శనివారం ఆమె పెట్టేది, ఆదివారం అతను తీసేవాడు. తల్లి పోయింది, వరస మారలేదు. జుట్లు నెరిశాయి, వరస మారలేదు. చూసినవాళ్ళు అన్యోన్యమైన జంట అనేవాళ్ళు. చూసినవాళ్ళకేం తెలుసు?

తల్లి పోయాక ఇంట్లో వినేవాళ్ళు లేరు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. చెప్పకపోవడం అప్పటికి పాతబడి, ఇంట్లో సామానైపోయింది.

అచ్చియ్యమ్మకి కడుపులో గడ్డ వచ్చింది. ఆస్పత్రిలో పొట్ట కోశారు. లాభం లేదని దాలినాయుడిని వరండాలోకి పిలిచి చెప్పారు. అతను వార్డులోకి తిరిగొచ్చి, సంచిలోంచి నన్ను తీసి బత్తాయి ఒలవడం మొదలుపెట్టాడు. మంచం మీద నుంచి ఆమె నన్ను చూసింది.

"దీన్ని ఇక్కడికీ తెచ్చినావా?"

"పదునుగా ఉంటాదని."

తర్వాత అడిగింది. గొంతులో కోపం లేదు, అరిగిపోయింది.

"మావా, ఇంక నాకాడ దాసడమెందుకు? ఆ ఆడదాని పేరు సెప్పీ."

అతని చేతిలో బత్తాయి ఆగింది.

"ఏ ఆడది?"

"ఈ కత్తిచ్చినామె. వీర్రాజు బావతో అన్నావు గదా, ఆ పేరు ఇంట్లో ఎత్తకని. నాను విన్నాను. అన్నం గిన్నె నా సేతిలోనే ఉంది."

అతను ఆమెకేసి చూస్తూ ఉండిపోయాడు. ఒక మనిషి జీవితం మొత్తాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ చదువుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. పక్కమంచం ఆమె నిద్రపోతోందా లేదా అని చూశాడు. అప్పుడు కూడా చూశాడు. వంగి, పెళ్ళాం చెవిలో ఆ రెండక్షరాలూ చెప్పాడు.

"ఏటీ?"

"అదే. దీని పేరు. ఆ దేశంలో దీన్నలాగే అంటారు."

"ఇంకోసారి సెప్పు."

చెప్పాడు. ఆమె నవ్వు మొదట కడుపులో కదిలింది. కుట్లు లాగాయి, అబ్బా అంది, మళ్ళీ నవ్వింది. పక్కమంచం ఆమె లేచి కూర్చుంది. నర్సు వచ్చి, "పెద్దమ్మా, కుట్లు తెగుతాయి," అని కసిరింది. అచ్చియ్యమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"ఓలమ్మ, దీనికా? నువ్వు సెప్పనేదు... దీనికా?"

"మా అమ్మింట్లో ఉంటే ఎలాగ సెప్పను?"

"మీయమ్మ పోయి ఎన్నేళ్ళయింది?"

అతను బత్తాయి తొన ఒకటి ఆమెకందించాడు.

"అందుకే నిమ్మకాయలు కోసినాను," అంది కాసేపటికి. "దాని పేరు లచ్చిమో, సరస్పతో అనుకున్నాను. ఇదని తెలిస్తే కోతునా?"

ఆ వారంలోనే ఆమె పోయింది.

చివరికి మాట కలిసింది కదా అని మీరు సరిపెట్టుకోవచ్చు. నేను సరిపెట్టుకోను. ఒక మాటతో నోరు మురికవుతుందని ఒక మనిషి భయపడ్డాడు. ఇంకో మనిషి జీవితం మురిగిపోయింది. నేను ఉక్కుని, నాకు క్షమించడం రాదు. తుప్పు పట్టడమే వచ్చు.

నిరుడు బీచ్ రోడ్డులో ఒక హాలు తీసుకుని, కత్తులు పోగుచేసేవాళ్ళు కొందరు ప్రదర్శన పెట్టారు. హిమజ అనే అమ్మాయి ఇంటికొచ్చి దాలినాయుడి కత్తులన్నీ అడిగి తీసుకెళ్ళింది. అతను నన్ను పెట్టెతో పాటు ఇచ్చాడు. హాల్లో నల్లగుడ్డ పరిచి, మమ్మల్ని వరసగా పెట్టి, ఆమె ఒక్కొక్కదాని పక్కన చీటీ రాస్తోంది. నా దగ్గరికొచ్చింది.

"అంకుల్, ఇది..." అని నా పేరు అనేసింది. మామూలుగా, గట్టిగా, కంటి రెప్ప వాల్చకుండా. నెట్‌లో చదివి నేర్చుకుందట. "కరెక్టే కదా?"

దాలినాయుడు బల్ల అంచు పట్టుకున్నాడు.

"కరెక్టే అమ్మా."

"నాకు చాలా ఇష్టం ఇవి. కానీ బ్లేడు పాడైంది అంకుల్. సన్నటి గరుకు కాగితంతో రుద్దితే ఈ నలుపు పోతుంది. నేను చెయ్యనా?"

"వద్దు. అది నిమ్మకాయలది."

ఆమెకి అర్థం కాలేదు. సరేనని, చీటీ మీద నా పేరు పెద్దక్షరాలతో రాసి పెట్టింది. సాయంత్రం దాకా జనం వచ్చారు. కొందరు చీటీ చదివి ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకున్నారు, కిసుక్కుమన్నారు. దాలినాయుడు ఆ చీటీ పక్కనే నిలబడ్డాడు. అతనికి నవ్వు రాలేదు. సిగ్గూ రాలేదు.

మళ్ళీ మల్కాపురం వచ్చాను. పెట్టెలోకి కాదు, వంటింట్లోకే. అతనొక్కడి వంట. రెండు వంకాయలు, ఒక ఉల్లిపాయ. అంత తక్కువ పనికి నేను మొద్దుబారను. అయినా శనివారం సాయంత్రం అతను నన్ను కడిగి, తుడిచి, కిటికీలో పెడతాడు. ఆదివారం పొద్దున వచ్చి అతనే తీస్తాడు.

రాయి మీద ఆనించేముందు నా పేరు ఒకసారి అంటాడు. ఇంట్లో వినేవాళ్ళు ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించే అంటాడు.